బర్రె తోలు కప్పిన గుర్రం

శుక్రవారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. గ్రౌండ్ ఫ్లోర్ పెద్దాయన ఇక లేరు, తెల్లవారుజామున గుండె ఆగిపోయింది, మధ్యాహ్నం తీసుకెళ్తారు అని. కాసేపట్లో దాని కింద వరసగా దండాల బొమ్మలు వచ్చి పడ్డాయి. మూడో ఫ్లోర్ వాళ్ళు 'పెద్దాయన రివ్యూ లేని శుక్రవారాన్ని ఊహించుకోలేం' అని రాశారు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. ఆ గ్రూపులో ఆయన గొంతు వినపడి రెండేళ్ళయింది. ఆయన్ని అందులోంచి తీసేసింది నేను. ఈ రెండేళ్ళలో ఆయనేరీ అని అడిగిన మనిషి ఒక్కరు లేరు.

కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆయన్ని దేవుణ్ణి చేద్దామని నేనిది రాయడం లేదు. ఆయన మీద నాకు కోపం ఉంది. పోయాక అది తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయారు. నా గేదె ఈసారైనా సరిగ్గా లేచిందా లేదా అన్నది ఆ మాట. లోకంలో వచ్చిన ప్రతి సినిమా మీదా, ప్రతి పాట మీదా, ప్రతి బొమ్మ మీదా అడక్కుండానే అభిప్రాయం చెప్పిన మనిషి, నేను వినాలని చూసిన ఒక్కటీ మింగేసి పోయారు.

నా పని బొమ్మల్ని నడిపించడం. పంజాగుట్టలో ఒక యానిమేషన్ స్టూడియోలో పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నాను. మా నాన్న తెనాలి వైపు నుంచి బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. నేను చేసే పనేమిటో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు. మా ఆయనకి ఇప్పటికీ అంతంత మాత్రమే. ఎవరైనా అడిగితే 'కార్టూన్లు వేస్తుంది' అంటాడు. నేనేం చేస్తానో, ఎక్కడ తప్పు చేస్తానో బాగా తెలిసిన ఒకే ఒక్క మనిషి గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవారు. అదే వచ్చిన చిక్కు.

మా అపార్ట్‌మెంట్ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంది. ఆ స్థలం ఆయన తండ్రిది. బిల్డరు రాకముందు అక్కడ వాళ్ళ పాడి ఉండేదట. మేం గేదె అంటాం, ఆయన బర్రె అనేవారు. ఆ బర్రెల పాలు పంజాగుట్ట, బేగంపేట ఇళ్ళకి వెళ్ళేవి. కుర్రతనంలో పాలు పిండిందీ, పోసిందీ ఆయనే. తర్వాత బస్సు డిపోలో చేరి, అక్కడే రిటైరయ్యారు. నేను కారు పార్కింగ్‌లో పెట్టి దిగుతుంటే, 'మా ముసలి బర్రె గాడనే పండుకునేది బిడ్డా, నీ ముందు టైరు కాడ' అనేవారు. పదేళ్ళలో ఆ మాట కనీసం యాభై సార్లు విన్నాను. నవ్వింది మొదటి రెండు సార్లే.

ప్రతి శుక్రవారం టిఫిన్ చేసి, చొక్కా జేబులో వేయించిన పల్లీలు పోసుకుని, పంజాగుట్ట మాల్‌కి నడిచి వెళ్ళేవారు. నెత్తి మీద మెట్రో పోతున్నా ఎక్కేవారు కాదు. ఏ సినిమా అన్న పట్టింపు లేదు. మొదటి ఆటకి దేని టిక్కెట్టు దొరికితే దానికి, తెలుగో, హిందీయో, డబ్బింగో, పిల్లల బొమ్మల సినిమానో. మోకాళ్ళ నొప్పులు కాబట్టి నడవా పక్క సీటు మాత్రం కావాలి. పిల్లలెవరూ వెంట లేకుండా పిల్లల సినిమాకి వచ్చే డెబ్బై ఏళ్ళ మనిషిని చూసి, గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్ళు మొదట్లో అనుమానపడ్డారట. తిరిగొచ్చి మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేవారు. 'అందరికి నమస్తే. సినిమా చూసిన' అని మొదలయ్యేది. 'ఇగ మీ ఇష్టం' అని ముగిసేది. మధ్యలో నాలుగు నిమిషాలు ఉతుకుడు.

అది నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుంది, లిఫ్టు ఎందుకాగింది అని మాట్లాడుకోవడానికి పెట్టిన గ్రూపు. అసోసియేషన్ సెక్రటరీగా దాన్ని నడిపేది నేను. సినిమా కబుర్లు వద్దని ఒకసారి మర్యాదగా రాశాను. 'నీళ్లు రానప్పుడు ఏం చేస్తరు బిడ్డా, నా మాటలన్న వింటరు' అని దానికీ ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు.

ఆ మెసేజ్‌లు విననని అందరితో చెప్పేదాన్ని. వంటింట్లో తలుపు వేసుకుని వినేదాన్ని. హీరో నడిచొస్తుంటే వెనక కార్లు పేలే సినిమా ఒకటి చూసొచ్చి, 'ఎన్క గన్ని కార్లు పేలుతుంటె ఈన ఎన్కకు తిరిగి సుత చూడడు. చెవులు వినవడయా? ఎవని కార్లో ఏమో, గది సుత అడగడు' అన్నారు. మంచుకొండల మీద పాట వస్తే, హీరోయిన్‌కి స్వెటర్ ఇవ్వనందుకు నిర్మాత మీద కేసు పెట్టాలన్నారు. ఆకాశంలోంచి దిగొచ్చి లోకాన్ని కాపాడే వీరుల సినిమాలంటే ఆయనకి మరీ మంట. 'కాపాడనీకి ఒచ్చినోడు ముందుగాల ఊరంత కూలగొడ్తడు. మల్ల కట్టేదెవడు? మేస్త్రి దొరకనీకే నెల పడుతది' అనేవారు. టీవీ డాన్సు పోటీల్లో జడ్జీలు ఏడిస్తే ఛానల్ మార్చేసేవారు. కటౌట్లకి పాలు పోసే కుర్రాళ్ళని మాత్రం నవ్వుతూ తిట్టేవారు కాదు. అప్పుడు గొంతు నిజంగా వణికేది. 'తెల్లారగట్ల లేసి, బర్రె కాళ్ల నడుమ కూసుండి, ఒక్క చెంబు పిండి చూడు. పొయ్యబుద్ధి అయితదా?' అని ఒకసారి అడిగి, ఆ రోజు 'ఇగ మీ ఇష్టం' అనకుండానే ఆపేశారు.

ఆయన మెచ్చుకోగా నేను విన్నది ఒకే ఒక్కసారి. జపాన్ వాళ్ళ బొమ్మల సినిమా ఒకటి చూసొచ్చారు. కథేమిటో ఆయనకి అక్కర్లేదు. 'పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటె మూత జర లేసి పడ్డది. గంతే. గా మూత కోసం రేపు మల్ల పోత' అన్నారు. నిజంగానే మర్నాడు మళ్ళీ వెళ్ళారు. బొమ్మకు బరువుండాలె అన్నది ఆయన మాట. బరువు లేకపోతే అది స్టిక్కరు, గోడకి అంటించుకోవాల్సిందే. మా స్టూడియోలో కొత్తగా చేరిన వాళ్ళకి అదే ముక్క నేను మూడు వారాలు పాఠంగా చెప్తాను. ఆయన పల్లీలు నములుతూ చెప్పేసేవారు. అది నాకు నచ్చేది కాదు.

ఒకసారి లిఫ్టులో దెబ్బలాడుకున్నాం. అప్పుడే ఒక పెద్ద ఇంగ్లీషు బొమ్మల సినిమా వచ్చింది. అందులో సముద్రాన్ని చూసి మా స్టూడియోలో అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. నీళ్ళ దగ్గర నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, ఆ పని ఎంత కష్టమో తెలుసు కాబట్టి. ఆయన మెసేజ్‌లో ఏమన్నారంటే, 'నీళ్లు బాగున్నయి. గని పిల్ల తడిసిందా? నీళ్లలకెళ్లి బయటికొస్తె గౌను ఇస్త్రీ తప్పలె.'

"అంకుల్, ఆ నీళ్ళ మీద ఎంతమంది ఎన్నేళ్ళు కూర్చున్నారో తెలుసా మీకు?" అన్నాను.

"గదంత నాకెందుకు బిడ్డా? నీళ్లల వడ్డది, తడవాలె. గంతే."

"మీకు తెలియని పని గురించి అలా తేలిగ్గా మాట్లాడకండి."

"పని తెల్వది. తడిసిన బట్ట తెలుస్తది" అని రెండో ఫ్లోర్‌లో నన్ను దింపి, అదే లిఫ్టులో కిందికి వెళ్ళిపోయారు. పైకి రావడానికి ఆయనకి వేరే పనేమీ లేదు, ఆ మాట అనడానికే ఎక్కారు. నేను ఆ ఆదివారం మళ్ళీ వెళ్ళి ఆ సినిమా చూశాను. గౌను తడవలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా నాకు సముద్రం కనపడలేదు, గౌనే కనపడింది. బంగారం లాంటి సినిమాని అలా పాడుచేశారు.

ఇక అసలు సంగతి. ఏళ్ళ తరబడి బయటి దేశాల వాళ్ళ బొమ్మలకి చాకిరీ చేసి చేసి, మా స్టూడియో చివరికి సొంతంగా ఒక పిల్లల సీరీస్ తీసింది. పల్లెటూరి పిల్ల, ఆమె గేదె. గేదె బాధ్యత మొత్తం నాది. మొదటి ఎపిసోడ్ వచ్చిన ఆదివారం సాయంత్రం మా టెర్రస్ మీద తెర కట్టించి అపార్ట్‌మెంట్ మొత్తానికీ చూపించాను. సమోసాలు కూడా తెప్పించాను. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన ముందు వరసలో కూర్చుని, జేబులో పల్లీలు ముట్టుకోకుండా చూశారు. అయిపోయాక ఏమీ అనకుండా కిందికి దిగిపోయారు. ఆయనకి తప్పు దొరకలేదని ఆ సాయంత్రం పొంగిపోయాను.

సోమవారం పొద్దున మెసేజ్ వచ్చింది.

'అందరికి నమస్తే. మన అమ్మాయి చేసిన బొమ్మ చూసిన. పిల్ల బాగున్నది. ఇల్లు బాగున్నది. బర్రె ఉన్నది చూడుండ్రి, గది పండుకున్నంత సేపే బర్రె. లేసేటప్పుడు గుర్రం. ముందుకాళ్లు ఊని లేస్తదా బర్రె యాడనన్న? ముందుగాల ఎన్క భాగం లేపుతది. ముందు మోకాళ్ల మీద జర ఆగుతది. గప్పుడు ఒక కాలు, ఎన్కనే ఇంకో కాలు. గిది బర్రె గాదు. బర్రె తోలు కప్పిన గుర్రం. ఇగ మీ ఇష్టం.'

గ్రూపులో నవ్వుల బొమ్మలు వరదలా వచ్చాయి. అక్కడితో ఆగినా బాగుండేది. మూడో ఫ్లోర్ వాళ్ళబ్బాయి స్నేహితుడు మా ఆఫీసులోనే పనిచేస్తాడు. బుధవారం మీటింగులో మా డైరెక్టర్ ఆ మెసేజ్‌ని స్పీకర్లో పెట్టి వినిపించాడు. నేను పని నేర్పిన పిల్లలు కూడా తలొంచుకుని నవ్వారు. రెండో భాగం తీయాలా వద్దా, తీస్తే గేదెని ఎవరి చేతిలో పెట్టాలి అని తేలాల్సిన వారం అది. పిల్లలకి సరదాగా ఉంటుందని కావాలనే అలా మార్చామని చెప్పాను. డైరెక్టర్ నా వైపు కాసేపు చూసి, తర్వాతి విషయానికి వెళ్ళాడు.

కావాలని మార్చిందేమీ లేదు. ప్రతి బొమ్మకీ లోపల ఒక ఎముకల గూడు కడతాం, దాన్నిబట్టే అది కదులుతుంది. అంతకుముందు ఏదో పురాణం సినిమాకి మేం చేసిన గుర్రం గూడు ఒకటి మా దగ్గర తయారుగా ఉంది. మూడు వారాల పని కలిసొస్తుందని, దానికే పొట్ట పెంచి, కొమ్ములు తగిలించి, పైన గేదె చర్మం కప్పాను. ఆ నిర్ణయం నాది. అది మా గదిలో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. మా డైరెక్టర్‌కీ తెలియదు. బర్రె తోలు కప్పిన గుర్రం అని ఆయన వెటకారానికి అన్నారని అందరూ నవ్వారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. టెర్రస్ మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తోలు ఒలిచి లోపలి ఎముకలు చూసేశారు. నేను క్షమించలేకపోయింది దాన్ని.

బుధవారం సాయంత్రం ఇంటికొచ్చి ఆయన్ని గ్రూపులోంచి తీసేశాను. గంటలో బెల్లు మోగింది. తలుపు తీస్తే బనీనూ, లుంగీతో ఆయనే ఉన్నారు.

"గ్రూపుల నా పేరు లేదు బిడ్డా."

"సినిమా మాటలు వద్దని అందరూ అంటున్నారు అంకుల్," అన్నాను. ఎవరూ అనలేదు.

"మా నాయిన జాగల నన్నే బయటికి తోలినవా?" అన్నారు. నవ్వుతూ అన్నారో, బాధపడి అన్నారో తెలియదు, నేను ఆయన ముఖం వైపు చూడలేదు. "సరే తియ్యి. నేనొచ్చింది గందుకు గాదు. జర గీడ చూడు."

లుంగీ పైకి దోపుకుని, గోడ పట్టుకుని, మా గుమ్మం ముందు గచ్చు మీద మోకాళ్ళ మీద కూలబడ్డారు. రెండు చేతులూ నేల మీద ఆనించి, తల దించి, నడుం పైకి లేపారు.

"గిట్ల. గీడ ఆగుతది. ఎందుకాగుతదో ఎర్కేనా? దాని బరువు దానికి ఎర్కే బిడ్డా. ఊపిరి తీసుకుంటది. గప్పుడు..."

నేను తలుపు వేసేశాను. లోపల్నించి మా ఆయన ఎవరని అడిగాడు. ఎవరూ లేరని చెప్పాను.

ఆ తర్వాత రెండేళ్ళు మేం మాట్లాడుకోలేదు. లిఫ్టు దగ్గర ఎదురైతే ఆయన పైన వెలిగే ఫ్లోరు నంబర్ల వైపు చూసేవారు, నేను ఫోన్‌లోకి చూసేదాన్ని. ఆంటీ, అంటే ఆయన భార్య, మాత్రం ఏమీ జరగనట్టే ఉండేది. బల్కంపేట ఎల్లమ్మకి బోనం ఎత్తి వచ్చిన రోజు ఎప్పటిలాగే బెల్లమన్నం పట్టుకుని పైకొచ్చేది. ఆయన ఎలా ఉన్నారని నేను అడిగితే, 'ఉన్నడు, సినిమాలు, తిట్లు' అనేది.

ఇంతలో రెండో భాగం ఖాయమైంది. గేదె నా చేతిలోనే ఉంది. ఈసారి గూడు మొదటి ఎముక నుంచి కొత్తగా కట్టాను. సెలవు పెట్టి శంకర్‌పల్లి వైపు ఒక గేదెల కొట్టానికి వెళ్ళి, రెండు పూటలు పేడలో నిలబడి వీడియోలు తీశాను. రెండు ఫ్లోర్లు దిగి అడిగితే సరిపోయేదానికి అంత దూరం వెళ్ళాను. ఆయన చెప్పినట్టే అవి ముందు వెనక భాగమే లేపాయి. గేదె లేచిన ప్రతిసారీ నాకు తిట్టించుకున్నట్టే ఉండేది.

అయితే నేను తీసిన వీడియోల్లో గేదెలు గబుక్కున లేచిపోయాయి. మేతకి వేళయిందేమో మరి. నా బొమ్మ గేదె మాత్రం ముందు మోకాళ్ళ మీద ఆగుతుంది, తల దించి, నడుం పైకెత్తి. ఆ ఆగడం నేను ఏ కొట్టంలోనూ చూసింది కాదు. ఎడిటింగ్‌లో ఒక అమ్మాయి, "మేడమ్, ఇక్కడ సాగుతోంది, పన్నెండు ఫ్రేములు తీసేద్దామా?" అంది. పన్నెండు ఫ్రేములంటే అర సెకను. ఒక్క ఫ్రేము ముట్టుకున్నా ఊరుకోనని చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

ఈ ఎండాకాలం అది విడుదలైంది. స్టూడియోలో మెచ్చుకున్నారు. బయట ఎవరెవరో బాగుందని రాశారు. ఒక్కటీ తలకెక్కలేదు. నాకు కావలసిన నాలుగు నిమిషాల ఉతుకుడు రాలేదు. వచ్చే దారి నేనే మూసేశాను కదా. దానికి బదులు, నేను ఆఫీసుకి బయల్దేరే వేళకి ఆయన సరిగ్గా గేటు దగ్గర కూర్చుని వాచ్‌మన్‌తో సినిమాల గురించి గట్టిగా మాట్లాడుతూ ఉండేవారు. "హీరోకు కంప్యూటర్ల మొకం ఇస్త్రీ చేసిండ్రు, పాతికేండ్ల పోరగాని లెక్క కనవడ్డడు. మెడ మర్చిపోయిండ్రు. మొకం కొడుకుది, మెడ తండ్రిది." నేను నడక నెమ్మది చేసేదాన్ని. గేదె మాట వస్తుందేమోనని. నేను దగ్గరికి రాగానే ఆయన మాట ఆపేసి, ట్యాంకరు ఇంకా రాలేదేమని వాచ్‌మన్‌ని అడిగేవారు. ఆయనకి తెలుసు. నేను వినడానికే ఆగుతున్నానని తెలిసే ఆపేవారు. అంత పంతం మనిషి.

"మళ్ళీ గ్రూపులో చేర్చెయ్యొచ్చుగా, ఏం పోతుంది?" అన్నాడు మా ఆయన.

"ఆయన అడగనీ, చేరుస్తాను."

"ఆయన అడగాలా? ఆయన స్థలంలో ఉన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో?"

ఒకటి రెండు సార్లు ఆయన నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను. వచ్చే శుక్రవారం చూద్దాంలే అనుకునేదాన్ని. ఆ శుక్రవారాల్లో ఒకటి ఇలా వచ్చింది.

ఆ మధ్యాహ్నం కిందికి వెళ్ళి నిలబడ్డాను. మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీని ఎవరో గోడకి తిప్పి పెట్టారు. ఆయన గురించి మంచి మాటలు చెప్పుకుంటున్న వాళ్ళలో సగం మంది ఆయన మెసేజ్ రాగానే వినకుండా చెరిపేసేవాళ్ళు. ఒక్కొక్కర్నీ కడిగేద్దామనిపించింది. అందరికంటే ముందు కడగాల్సింది నన్నేనని తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, ఆంటీ పక్కన కూర్చున్నాను. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆంటీ, మా రెండో సీరీస్ అంకుల్ చూశారా?"

"చూడకుంట ఉంటడా బిడ్డా? ఒచ్చిన దినమే చూసిండు. నన్ను సుత కూసోవెట్టిండు. బర్రె లేసే కాడ ఆపుడు, మల్ల ఎన్కకు తిప్పుడు. ఏడెనిమిది సార్లు చూసిండు."

"ఏమన్నారు?"

ఆంటీ చీర కొంగు సవరించుకుంది.

"నీకు చెప్పొద్దన్నడు. ఇగ ఇప్పుడేంది. గా దినం మీ తలుపు ముంగట మోకాళ్ల మీద కూసున్నడు గదా. మల్ల లేవరాలె. గోడ పట్టుకుని ఎంతసేపు చూసినా లేవరాలె. బొడ్లకెళ్లి ఫోన్ తీసి గుసగుసగ నాకు చేసిండు. నేను లిఫ్టుల ఒచ్చి లేపుకపోయిన. తలుపు కొడితె ఆ పిల్ల లేపకపోయేదా అన్న. వద్దు, కోపంల ఉన్నది అన్నడు."

నేను తలుపుకి ఇవతల నిలబడి ఉన్నాను. ఆయన వెళ్ళిపోయారనుకున్నాను. ఒక్క అడుగు దూరం.

"ఇప్పుడు టీవీల నీ బర్రె మోకాళ్ల మీద ఆగుతది చూడు," అంది ఆంటీ. "గాడ ఆపి మస్తు నవ్విండు. గిది సుత బర్రె గాదే, గిది నేనే అన్నడు. తలుపు ఏసేలోపట్నే బానే చూసుకున్నది పోరి అన్నడు."

"ఇంకేం అనలేదా?" అన్నాను.

"ఒక తప్పున్నదన్నడు."

"ఏంటది?"

"నాకెందుకు చెప్తడు? అడిగిన. గ్రూపుల వెట్టుకుంటె ఆమెకే చెప్త అన్నడు. లేకుంటె ఇగ ఆమె ఇష్టం అన్నడు."

"మీరూ గేదెల్ని చూశారుగా ఆంటీ. మీకేమన్నా తప్పు కనిపించిందా?"

"నాకు బానే అనిపించింది బిడ్డా. ఈయన సంగతి నాకేం ఎర్క."

మెట్లెక్కి పైకి వచ్చాను. మా గుమ్మం ముందు నిలబడి ఆయన నంబరు గ్రూపులో చేర్చాను. ఆ సంగతి గ్రూపులో ఒక చిన్న లైనుగా పడింది. దాని కింద ఎవరో రేపు ట్యాంకరు ఎన్నింటికని అడిగారు. ఇంకెవరూ ఏమీ అనలేదు.

లోపలికొచ్చి ఎపిసోడ్ పెట్టాను. ఆ ముక్కని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తోక చూశాను. చెవులు చూశాను. గిట్టల కింద లేచే దుమ్ము చూశాను. లేచాక పొట్ట ఊగడం చూశాను. నాకు తప్పు దొరకలేదు. అసలు తప్పే లేదేమో, మళ్ళీ గ్రూపులోకి రావడానికి వేసిన ఎత్తేమో. అదే అయితే ఆయన్ని ఎప్పటికీ క్షమించను. నిజంగా తప్పుంటే, అది చెప్పకుండా పోయినందుకు అసలే క్షమించను.

చివరికి ఆ పన్నెండు ఫ్రేముల దగ్గర ఆపాను. ముందు మోకాళ్ళు నేల మీద, నడుం పైకి, తల కిందికి. తెర మీద గేదె ఊపిరి తీసుకుంటోంది. నేను దాన్ని ముందుకి జరపలేదు. లేచి వెళ్ళి, గుమ్మం తలుపు బార్లా తీసి, వచ్చి కూర్చున్నాను.